ఫోన్‌లో అమ్మ

మస్కట్‌లో ఒక ముసలామెకు తొమ్మిదేళ్లు సేవ చేసి, ఆమె పోయాక నళిని హోసూరు దగ్గరున్న తమ ఊరు కెలమంగలం తిరిగొచ్చింది. బెంగుళూరు విమానాశ్రయానికి భర్త పరశురామ్ ఒక్కడే వచ్చాడు.

"పాప రాలేదా?" అని అడిగింది.

"ఇస్కూలు ఉండాది" అన్నాడు. ఎండాకాలం సెలవులని ఇద్దరికీ తెలుసు.

నళిని వెళ్లేటప్పటికి కూతురు రంజిత రెండో తరగతి. పరశురామ్ హోసూరు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవాడు కాబట్టి, భర్త పోయిన అతని అక్క నంజమ్మ మత్తూరు నుంచి వచ్చి పిల్లను పెంచింది. ఇంటి వెనక షెడ్డు వేసి పట్టుపురుగులు కూడా పెంచింది. ఆ ఇల్లు ఆమె చేతుల మీదుగానే నడిచింది.

వచ్చిన మర్నాడు పొద్దున నళిని కాఫీ పెడదామని వంటింట్లోకి పోయింది. చక్కెర కోసం డబ్బాలన్నీ తీసి చూస్తుంటే నంజమ్మ మల్బరీ ఆకుల బుట్టతో లోపలికి వచ్చింది.

"నువ్వు కూర్చోమ్మా నళినీ. నేను కలిపిస్తాను. యాడేముండాదో నీకేం తెలుస్తాది?"

మాటలో ఎత్తిపొడుపు లేదు. కాఫీ మాత్రం చుట్టాలొస్తే తీసే పూల గ్లాసులో ఇచ్చింది.

ఏదైనా పని అందుకుందామని నళిని షెడ్డు వైపు వెళ్తే, "ఆడే నిలబడమ్మా" అని నంజమ్మ లోపలి నుంచి కేక వేసింది. "ఆ సెంటు వాసన తగిల్తే పురుగులు మేత ముట్టవు." ఆ రోజుతో నళిని సెంటు మానేసింది. అయినా షెడ్డు గడప దగ్గర కాళ్లు వాటంతట అవే ఆగిపోయేవి. లోపలికి రమ్మని నంజమ్మ కూడా ఎప్పుడూ అనలేదు.

వీధిలో ఎవరు కనబడినా ఒకటే ప్రశ్న. "మళ్లా ఎప్పుడు పోతావమ్మా?"

"ఇంక పోను" అంటే నవ్వేవారు. అందరూ మొదట అట్లే అంటారని వాళ్ల నవ్వు.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది రంజిత మౌనం. మస్కట్‌లో ఉన్నన్నాళ్లూ సాయంత్రం ముసలామె నమాజు అయ్యాక నళిని వీడియో కాల్ చేసేది. బళ్లో ఎవరితో జగడం, ఎవరితో రాజీ, లెక్కల సారు తలకు రంగేసుకుని వచ్చిన సంగతి, అన్నీ చెప్పేది పిల్ల. పెద్దమనిషైన రోజు కూడా మేనత్తకు చెప్పకముందే బాత్‌రూమ్‌లోంచి తల్లికి ఫోన్ చేసి ఏడ్చింది. ఆ రోజు నళిని గిన్నెలు తోముతూ ఫోన్ కిటికీకి ఆనించి పెట్టుకుని, ఏం చెయ్యాలో ఒక్కొక్కటే చెప్పింది.

ఇప్పుడు అదే పిల్ల ఒకే కప్పు కింద ఉండి "ఊ", "తెలీదు", "మళ్లా చెప్తాలే" తప్ప మాట్లాడదు. మంచం మీద పక్కన కూర్చుంటే కాళ్లు ముడుచుకుంటుంది. జడ వెయ్యబోతే మెడ బిగుసుకుపోతుంది. "అత్త వేస్తాది" అని లేచి వెళ్తుంది.

వానలు మొదలయ్యాక రంజితకు జ్వరమొచ్చింది. రోగి పక్కన కూర్చోవడం నళినికి బాగా తెలిసిన పని. తడిగుడ్డ నుదుటి మీద వేసి, అరికాళ్లు రుద్దుతూ కూర్చుంది. మగతలో పిల్ల "అత్తా" అంది. కళ్లు తెరిచి ఎవరో చూసుకుంది.

"నువ్వు పోమ్మా. అత్తను పిలువు."

నంజమ్మ వాకిట్లోనే ఉంది. "జరం గదమ్మా, ఏందో అంటాది. మనసులో పెట్టుకోవద్దు" అంది. ఆ ఓదార్పుకే నళినికి ఎక్కువ మండింది. గుడ్డ ఆమె చేతికిచ్చి బయటికి వచ్చింది.

పరశురామ్ డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడుస్తున్నాడు. నళిని అక్కడే అడిగేసింది, తనకెందుకీ శిక్ష అని.

"కొన్నాళ్లు పట్టనీ" అన్నాడతను. "నువ్వు పోయినప్పుడు గూడా ఇట్లే చేసింది. ఏడాది దాకా సరిగా అన్నం తినలే. అక్క దగ్గరికి పోయేది కాదు."

"ఫోన్‌లో బాగా నవ్వతా ఉండె గదా!"

"నవ్వమని చెప్పి కూర్చోబెడతా ఉంటిమి."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే వచ్చేస్తావు గదా" అన్నాడు పరశురామ్. అందులో తప్పేముందో అతనికి తెలియలేదు. కాళ్లు కడుక్కోవడానికి పోయాడు.

జ్వరం తగ్గిన వారానికి నళిని బట్టలు కొనడానికి హోసూరు పోయింది. పని ముగించుకుని బస్టాండ్‌లో నిలబడితే ఫోన్ మోగింది. రంజిత.

"అమ్మా, యాడుండావు?"

"హోసూరు బస్టాండ్‌లో. ఏం కావల్ల?"

"ఏమీ లే, ఊరికే." అని మొదలుపెట్టి పిల్ల ఆగలేదు. పదకొండో తరగతిలో, అదే ప్లస్ వన్‌లో, చేరిన కొత్త స్నేహితురాలి గురించి, కెమిస్ట్రీ అర్థం కాకపోవడం గురించి, నర్సింగ్ చదవాలని ఉందని, నాయనకు చెప్పాలంటే భయమని. పాత గొంతే, పాత నవ్వే. కెలమంగలం బస్సు ఒకటి వెళ్లిపోయింది, ఇంకొకటీ వెళ్లిపోయింది. ఎక్కితే ఆ గొంతు ఎక్కడ తెగిపోతుందోనని నళిని కదల్లేదు.

ఫోన్ పెట్టేశాక వచ్చిన బస్సెక్కి, దిగగానే ఇంటికి పరుగున వచ్చింది. చేతిలో వేడి పఫ్‌ల పొట్లం. రంజిత వాకిట్లో కూర్చుని ఉంది.

"ఆడ పెట్టు" అంది ఫోన్‌లోంచి తలెత్తకుండా.

నళినికి దుఃఖమూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "అంతసేపు మాట్లాడితివే! ఇప్పుడేమొచ్చింది నీకు? నేను ఆ అమ్మను కాదా?"

"కాదు" అంది రంజిత. తన మాటకు తనే బెదిరినట్టు చూసింది. "ఫోన్‌లో అయితే అన్నీ చెప్పొచ్చు. ఇంట్లో నువ్వుంటే ఎవురో వచ్చి కూర్చున్నట్టుంటాది. నేనేం చేసేది?" పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "నువ్వొచ్చినావని అత్త మత్తూరికి పోతానంటా ఉంది. బట్టలు గూడా సర్దేసింది. అత్త పోతే నేనుండను."

నళిని పొట్లం గడప మీద పెట్టి వెనక్కి నడిచింది. షెడ్డు బయట నంజమ్మ ఆకు తరుగుతోంది.

"నువ్వు యాడికీ పోవద్దు వదినా" అంది. "నేనే హోసూర్లో ఏదైనా పని చూసుకుంటాను."

అదేం మాటమ్మా అంటుందేమోనని ఒక్క క్షణం ఆగింది. నంజమ్మ కత్తి కింద పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మంచిదమ్మా. దగ్గరే గదా" అంది. ఆమె భుజాల బరువు దిగడం నళినికి స్పష్టంగా కనబడింది.

పని సులభంగానే దొరికింది. నెల్లూరు నుంచి వచ్చి హోసూర్లో ఉద్యోగాలు చేసుకుంటున్న దంపతులు, మంచాన పడ్డ తల్లిని ఇంట్లోనే ఉండి చూసుకోవడానికి మనిషి కోసం వెతుకుతున్నారు. మస్కట్‌లో చేసిందని తెలియగానే ఇంకేమీ అడగలేదు. పరశురామ్ ఆమె బ్యాగు తెచ్చి వాళ్ల అపార్ట్‌మెంటు లిఫ్టు దగ్గర పెట్టి, షిఫ్టుకు టైమైందని వెళ్లాడు.

వంటగది ఎక్కడుందో, మందులు ఎక్కడున్నాయో అన్నీ చూపించారు. ముసలామెను పక్కకు తిప్పి, వీపు తుడిచి, దుప్పటి మార్చేసరికి నళిని చేతులకు ఇంటికి వచ్చినట్టు అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

సాయంత్రం ఫోన్ మోగింది.

"అమ్మా, ఈ పొద్దు ఏమైందో తెలుసా?"

"చెప్పు పాపా" అంది నళిని, ముసలామె గంజి చల్లారబెడుతూ.

కెలమంగలం బస్సు కింద రోడ్డు మీదుగానే వెళ్తుంది. ఒక్క ఆదివారమైనా వచ్చిపొమ్మని రంజిత ఎప్పుడూ అడగలేదు. సెలవు ఇస్తారని నళినీ చెప్పలేదు.