నలుగురికి సరిపడే గిన్నె

నేను ఒక బుల్లి ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ని. మూడు కప్పుల బియ్యం పోస్తే నా పొట్ట నిండిపోతుంది. అంతకు మించి పోస్తే ఏమవుతుందో తర్వాత చెబుతాను, అది తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గే. ఒంటి మీద ఒక ఎర్ర దీపం, ఒక పచ్చ దీపం, కింద ఒక మీట. మూతకున్న బొడిపె ఊడిపోతే అక్కడ చెక్కముక్క బిగించారు. ఈ మాత్రం దానికి ఆత్మకథ కూడానా అని నవ్వకండి. గుండిగలు రాజ్యమేలిన ఇంట్లో కాపురం చేసి నెగ్గుకొచ్చినదాన్ని నేను.

కోయంబత్తూరు దగ్గర ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నా తోటివాళ్ళు చాలామంది ధర చీటీలు మెడలో వేసుకుని దర్జాగా దుకాణాలకు వెళ్ళారు. నన్నూ, మరో రెండు వందలమందినీ మాత్రం ఒక సెలవుల క్లబ్బువాళ్ళు గంపగుత్తగా కొని, మా ఒంటి మీద సముద్రమూ సూర్యుడూ ఉన్న బొమ్మ అంటించి, పెట్టె మీద 'ఉచిత బహుమతి' అని అచ్చు వేయించారు. ఊరికే వచ్చినదానికి మీ మనుషులు ఎంత విలువ ఇస్తారో నాకు అప్పట్లో తెలియదు కాబట్టి సంబరపడ్డాను.

ఆ క్లబ్బు అమ్మే సరుకు చేతికి దొరికేది కాదు. ముందు ఒక పెద్ద మొత్తం కడితే పాతికేళ్ళపాటు ఏడాదికో వారం వాళ్ళ రిసార్టుల్లో ఒక గది మీది. దానికి తోడు ఏటా నిర్వహణ ఖర్చు కడుతూ ఉండాలి. ఈ రెండో ముక్క మాత్రం ఆఖరున, గొంతు తగ్గించి చెబుతారు. రాజమండ్రిలో ఒక హోటలు హాల్లో మమ్మల్ని గోడవారగా గోపురంలా పేర్చి, ఫోన్లు చేసి జంటల్ని పిలిచారు. భార్యాభర్తలిద్దరూ వచ్చి మూడు గంటలు కూర్చుని వింటే చాలు, ఒక కుక్కరు వాళ్ళది. ఆ మూడు గంటల్లో మొగుళ్ళు ఎన్నిసార్లు వాచీ చూసుకున్నారో, ఆడవాళ్ళు ఎన్నిసార్లు మావైపు చూశారో నేను లెక్కపెట్టుకుంటూ కూర్చునేదాన్ని.

అలా వచ్చినవారే తణుకు నుంచి చయనులుగారు, ఆయన భార్య విశాలాక్షమ్మ. చయనులుగారు పెళ్ళిళ్ళకు వంట చేయించే మేస్త్రీ. ఆయన చేతి ముక్కల పులుసు తినడానికే పెళ్ళికి వచ్చేవాళ్ళు ఆ చుట్టుపక్కల ఉన్నారట. విశాలాక్షమ్మ బూరెల దగ్గర, పులిహోర దగ్గర ఆయనకు కుడిభుజం. వాళ్ళు నిజంగా నాకోసమే వచ్చారు. "విని, అది పుచ్చుకుని, నాలుగింటి బస్సుకు పోదాం," అని ఆయన ఆమె చెవిలో అనడం నేను విన్నాను.

వాళ్ళ ఎదురుగా కూర్చున్న టై కట్టుకున్న కుర్రాడు మంచు కొండలు చూపించాడు, పడవలు చూపించాడు. చయనులుగారు ఉలకలేదు. చివరికి ఆ కుర్రాడు ప్రతి జంటనూ అడిగే ప్రశ్నే అడిగాడు.

"సార్, ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుని భోంచేసి ఎన్నాళ్ళయింది?"

ఆ ప్రశ్న అతనికి కంపెనీవాళ్ళు నేర్పించింది. ఎవరిని అడిగినా "మొన్న ఆదివారం" అని ఏదో ఒకటి చెప్పేవాళ్ళు. చయనులుగారు భార్య వైపు తిరిగారు. ఆమె తల వంచుకుని చీర కొంగు మడతలు పెడుతోంది. పెళ్ళిళ్ళలో వంటవాళ్ళు అందరూ తిన్నాక, సామాను కడిగించాక, ఏ మూలో నిలబడి చల్లారిన మెతుకులు నాలుగు నోట్లో వేసుకుంటారు. ఆయన ఒక పూట, ఆమె ఒక పూట. పిల్లలిద్దరూ ఇంట్లో వేరే. పదిహేనేళ్ళ కాపురంలో ఆ నలుగురూ ఒక్క బంతిలో కూర్చున్నది లేదు.

ఆయన సంతకం పెట్టేశారు. ఏ సీజను కావాలని కుర్రాడు అడిగితే, అన్నిటిలోకీ ఖరీదైన వేసవి సీజను రాయమన్నారు. పెళ్ళివారు చవక భోజనం చాలంటే ఆయనకు ఒళ్ళు మండుతుంది. తక్కువ రకం అన్న మాట ఆయన నోటికి రాదు. ఆ పౌరుషంతోనే చేశారు ఆ పని. వేసవి అంటే వైశాఖం, జ్యేష్ఠం అని, ఆ రెండు నెలల్లో తనకు ఊపిరి తీసుకునే తీరిక కూడా ఉండదని బస్సు తణుకులో దిగేదాకా ఆయనకు తట్టలేదు. నేను ఆమె ఒళ్ళో ఉన్నాను. "ఏవండీ, మేలో మనకు వరసగా ముహూర్తాలు కదా?" అని ఆమె అన్నప్పుడు ఆయన ముఖం చూడాల్సింది.

ఇంట్లో నన్ను చూసి నవ్వనివారు లేరు. వంట సాయానికొచ్చే మనుషులు నన్ను అరచేతిలో పెట్టుకుని, "మేస్త్రీగారూ, ఇందులో ఇంగువ పోసుకుంటారా?" అని అడిగారు. నా పక్కన బోర్లించిన గుండిగలో నలుగురు మనుషులు దాక్కోవచ్చు. నేను నోరు మూసుకుని అటక ఎక్కాను. రెండేళ్ళు అక్కడే ఉన్నాను. రెండు వేసవులొచ్చాయి, రెండు వారాలూ వాడకుండానే చెల్లిపోయాయి. నిర్వహణ ఖర్చు కట్టమన్న ఫోను మాత్రం ఒక్క ఏడాదీ మానలేదు. "నా అంత తెలివితక్కువవాడు జిల్లాలో లేడు. ఎవరైనా తీసుకుంటానంటే ఊరికే ఇచ్చేస్తాను," అని చయనులుగారు పెరట్లో అంటుంటే అటక మీద నాకు వినిపించేది.

నన్ను కిందికి దింపింది ఆయన కూతురు వసుధ. అప్పుడు దానికి పదమూడేళ్ళు. క్లబ్బువాళ్ళిచ్చిన నిబంధనల పుస్తకాన్ని సంతకం పెట్టిన తండ్రి చదవలేదు, అమ్మిన కుర్రాడూ చదివి ఉండడు. ఈ పిల్ల మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఖరీదైన సీజను వాళ్ళు మిగతా ఏ కాలంలోనైనా వెళ్ళవచ్చట. పైగా వానాకాలంలో వెళితే వారానికి బదులు పది రోజులిస్తారట.

"నాన్నా, ఆషాఢంలో మనకు పెళ్ళిళ్ళుండవు కదా?" అంది.

ఆయన చెయ్యి చాపి, "పుస్తకం ఇలా ఇయ్యి," అన్నారు. ఊళ్ళో అందరికీ శూన్యమాసమైన ఆషాఢం ఆ ఇంటికి మాత్రం పండగలా వచ్చింది. ఫోను చేస్తే అరకులో గది వెంటనే దొరికింది. వానల్లో అరకు వచ్చేవాళ్ళు ఎవరున్నారు గనక!

ఇంకో ఎనిమిది రోజుల్లో ప్రయాణమనగా ఒక రైసుమిల్లు యజమాని కబురు పంపాడు. ఆయనకు అరవై ఏళ్ళు నిండుతున్నాయి. షష్టిపూర్తికి ఆషాఢమని పట్టింపేముంది, జన్మనక్షత్రం ఎప్పుడొస్తే అప్పుడే చేసుకోవాలి. ఆరువందల మందికి వంట. సరిగ్గా ఆ పది రోజుల మధ్యలో పడింది.

చయనులుగారు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "వచ్చే ఏడు వెళదాంలే," అన్నారు, గోడకి చెబుతున్నట్టు. వసుధ లోపలికి వెళ్ళిపోయింది. తమ్ముడు ఫణి అప్పటికే సర్దిన సంచీలోంచి తన చొక్కాలు తీయడం మొదలుపెట్టాడు. నేను ఆ సంచీ పక్కనే ఉన్నాను. మళ్ళీ అటకేననుకున్నాను.

విశాలాక్షమ్మ ఎప్పుడూ ఆయన మాటకు ఎదురు చెప్పిన మనిషి కాదు. ఆ రోజూ గొంతు పెంచలేదు.

"డబ్బు ముందే కట్టేశాం కదండీ. రెండు వారాలు పోయాయి. ఇదీ పోతే మూడోది."

డబ్బు మాట వట్టి సాకని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఆమె కళ్ళు సంచీలోంచి బయటికొస్తున్న చొక్కాల మీద ఉన్నాయి. ఆయన చెప్పులు విప్పి, ఫోను తీసి, "అయ్యా, క్షమించాలి. ఆ రోజుల్లో మేం ఊళ్ళో ఉండడం లేదండీ," అన్నారు. ఇరవై ఏళ్ళ వృత్తిలో ఆ మాట అనడం అదే మొదటిసారి.

ఆవకాయ, కందిపొడి, నేతిడబ్బా, తువ్వాలులో చుట్టిన నేను. విశాఖపట్నం నుంచి రైల్లో సొరంగాలన్నీ దాటుకుంటూ వెళ్ళాం. రిసార్టులో పెద్ద భోజనశాల ఉంది గానీ, వంటవాడు మరొకరి చేతి వంట తింటాడా! గదిలోనే చిన్న వంటగట్టు, ఒక కరెంటు పొయ్యి ఉన్నాయి. కూర దాని మీద, అన్నం నాలో.

ఇక నా సిగ్గు కథ. విశాలాక్షమ్మకు అయిదువందల మందికి ఎసరు పెట్టడం వచ్చు, వెయ్యి మందికీ వచ్చు. నలుగురికి వండడం మాత్రం రాదు. ఇంట్లో కూడా సాయం మనుషులతో కలిపి ఎప్పుడూ పాతిక విస్తళ్ళకు తక్కువ వండిన మనిషి కాదు. కొలత అడగకుండా చేతివాటంగా దోసిళ్ళతో బియ్యం పోసింది. నేను ఎంత అరిచినా మీ వాళ్ళకు వినిపించదు కదా. పావుగంటకు నా మూత లేచింది, గంజి నురగలు కక్కుతూ గట్టంతా పారి, ప్లగ్గులోకి దిగింది. టప్పున చప్పుడు. మా గదితో పాటు వరసలో ఉన్న గదులన్నిటికీ కరెంటు పోయింది.

రిసార్టు పనివాడు గొడుగేసుకుని పరిగెత్తుకొచ్చి, నన్నూ, గట్టునీ చూశాడు. "ఎంతమందమ్మా మీరు?"

"నలుగురం, బాబూ," అంది ఆమె, దొంగతనం చేసి దొరికినట్టు.

అతను నవ్వాపుకోలేక గొడుగు వదిలేశాడు. నన్ను తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ వెలిగించాక వసుధ కప్పుతో కొలిచి బియ్యం పోసింది. తల్లి పక్కన నిలబడి, "ఇంతేనా? చాలవే!" అని పదిసార్లు అంది.

అన్నం అయింది. పిల్లల ముందు పళ్ళాలు పెట్టారు. చయనులుగారు గరిటె పుచ్చుకుని నిలబడ్డారు. విశాలాక్షమ్మ నెయ్యి పుచ్చుకుని నిలబడింది. "నువ్వు కూర్చో," అని ఆయన, "మీరు కానివ్వండి," అని ఆమె. ఇద్దరిలో ఎవరికీ కూర్చోవడం తెలియదు. వడ్డించే చేతులు వడ్డించకుండా ఉండలేవు. అప్పుడు వసుధ లేచి, నన్ను తెచ్చి నేల మీద సరిగ్గా మధ్యలో పెట్టి, నాలుగు పళ్ళాలూ నా చుట్టూ వేసింది.

"ఇది అందరికీ అందుతుంది. ఎవరూ నిలబడక్కర్లేదు."

నిజమే. గుండిగ అయితే మధ్యలో పెట్టడం కుదిరేదా? నా పొట్టితనానికి నేను సంతోషించింది ఆ రోజే.

ఇద్దరూ కూర్చున్నారు. బయట వాన దంచికొడుతోంది. చయనులుగారు కందిపొడి, నెయ్యి కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, చప్పున ఆగిపోయారు. నాలుక కాలిందేమోనని ఆమె కంగారుపడి నీళ్ళందించింది.

"వేడిగా ఉందే, విశాలం," అన్నారాయన. "అన్నం ఇంత వేడిగా తిని ఎన్నేళ్ళయిందో!"

లక్షమందికి వేడివేడిగా వండి పెట్టిన మనిషి ఆ మాట అన్నాడు. నాకు కన్నీళ్ళు ఉండవు, మూతకు పట్టిన ఆవిరి మాత్రం కారింది.

ఆ ఏడుతో కలిపి పన్నెండు ఆషాఢాలు. అన్నీ సుఖంగా జరిగాయని చెప్పను. నిర్వహణ ఖర్చు ఏటేటా పెరిగింది. ఒక ఏడు ఎక్కడా గది లేదన్నారు. ఇంకో ఏడు పైకప్పు కారితే బకెట్టు పెట్టుకుని పడుకున్నారు. ఇంకా పెద్ద గది ఉన్న సభ్యత్వం తీసుకోమని క్లబ్బువాళ్ళు చెవిలో జోరీగల్లా పోరేవాళ్ళు. అయినా ఏ ఏడూ ఆయన మళ్ళీ వచ్చే ఏడు చూద్దామనలేదు. ఏడాదికి పదిరోజులే నా ఉద్యోగం కాబట్టి నేనూ ఇన్నేళ్ళు గట్టిగా ఉన్నాను.

పోయిన మాఘమాసంలో చయనులుగారు గుండెనొప్పితో పోయారు. ఆ రోజు ఇంటి ముందు గుండిగలు బోర్లించి ఉన్నాయి. నన్ను ఎవరూ కదపలేదు.

మొన్న పక్కింటి రాజ్యలక్ష్మి వచ్చింది. బడిలో పంతులమ్మ, భర్త కూడా అదే బడి. వాళ్ళనూ ఆ క్లబ్బువాళ్ళు పిలిచారట.

"పిన్నిగారూ, మీకు తెలుసు కదా, చేరమంటారా వద్దా?"

"మీకు సెలవులెప్పుడమ్మా?"

"వేసవిలో, దసరాకి, సంక్రాంతికి."

"అయితే వద్దు. అప్పుడు అందరూ అడుగుతారు, నీకు గది దొరకదు. ఆ డబ్బు దగ్గరుంచుకో, నీకు నచ్చిన ఊళ్ళో నచ్చినన్ని రోజులు హోటల్లో ఉండొచ్చు. ఎవరికీ సెలవుల్లేని రోజుల్లో తీరిక దొరికే మాబోటివాళ్ళకే అది."

"మరి మీకు గిట్టుబాటయిందా?"

విశాలాక్షమ్మ లేచి, అలమరలోంచి నన్ను తీసింది. కప్పుతో కొలిచి బియ్యం పోసింది. ఇప్పుడామెకు కొలత బాగా వచ్చు.

"ఆయన కట్టిన డబ్బే ఆయన్ని పొయ్యి దగ్గర్నుంచి లాగి తీసుకెళ్ళింది, రాజ్యం. లేకపోతే కదిలే మనిషా? ముప్ఫై ఏళ్ళ కాపురంలో నా పక్కన కూర్చుని ఆయన వేడన్నం తిన్నది నూటపది రోజులు. అవన్నీ అక్కడివే."

రాజ్యలక్ష్మి కళ్ళొత్తుకుంది. ఈ ఆషాఢానికి కూడా వసుధ గది తీసుకుందని, ముగ్గురూ వెళుతున్నారని విశాలాక్షమ్మ చెప్పింది. నన్నూ తీసుకెళతారట. ఉచితంగా వచ్చినదాన్ని నేను. ఇంత ప్రేమకు నేను చేసిందల్లా అన్నం వేడిగా ఉంచడమే. పెద్ద పాత్రల్లో పుట్టనందుకు, మూడు కప్పులకే పొట్ట నిండేలా నన్ను చేసినందుకు, ఆ షెడ్డులో నన్ను ఒత్తిన చేతులకు రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

టక్కున నా మీట పైకి లేచింది. రాజ్యలక్ష్మి వెళతానని లేచింది. విశాలాక్షమ్మ నన్ను మోసుకొచ్చి నేల మీద పెట్టి, నాకు అటొక పళ్ళెం, ఇటొక పళ్ళెం వేసి, తాను ముందు కూర్చుంది.

"కూర్చో అమ్మా. చల్లారిపోతుంది."