గుంతలో ఆరిన దీపం

యోహానును గుంతలోంచి పైకి తీసేసరికే పెదవులు నల్లబడ్డాయి. ఒంటిమీద చిన్న దెబ్బ కూడా లేదు. కాంట్రాక్టర్ రామచంద్రయ్య వంగి చూడనైనా చూడలేదు.

"తాగి దిగిండు, సచ్చిండు. ఇంగ పనికి నడువుండ్రి."

పోయినవాళ్ళంతా మంచోళ్ళే అంటుంది లోకం. ఈ పెద్దమనిషికి పోయినవాడే దొంగ! చుక్క ముట్టని మనిషి యోహాను. తోటి కూలీ జమ్ములమ్మకు కడుపు మండిపోయింది. పైగా రేపు ఆ గుంతలో దిగే వంతు ఆమె కూతురు భార్గవిది.

గద్వాల పక్కన ఆ ఫ్యాక్టరీలో ప్లాస్టిక్‌ను చల్లటి గ్యాసుతో రాయిలా బిగించి, మెత్తటి పిండి చేస్తారు. మర ఆపాక కింది గుంతలో దిగి, రాలిన పిండి ఎత్తాలి. గుంతలోకి మంచి గాలి తోలే ఫ్యాను తిరిగితే చలి పోతుంది, గ్యాసు దండగని రామచంద్రయ్య దాన్ని ఆపించాడు.

ధాన్యం పాతరలో దీపం దించకుండా దిగే రైతు పాలమూరులో లేడు. దీపం ఆరితే లోపల గాలి చచ్చినట్టే. కానీ పాతర ఉక్కగా, ముక్కవాసనతో ఉంటుంది. ఇక్కడ చల్లగా ఉంది, వాసన లేదు. అందుకే ఇన్నాళ్ళూ ఒక్కరికీ తట్టలేదు. తట్టనందుకు జమ్ములమ్మ తనను తానే తిట్టుకుంది.

మర్నాడు మర ఆగి, దుమ్మంతా అణిగాక, అందరి ముందూ తాడు కట్టి కందిలి దీపం దించింది. నడుము లోతుకు పోయిందో లేదో, మంట ఆరిపోయింది.

"సూసిండ్రా! యోహానును కల్లు సంపలే, గీ గాలి సంపింది!"

"తమాషాలు జాలు. దిగుతరా, పోతరా?" అరిచాడు రామచంద్రయ్య.

"నువ్వు దిగు సారూ. నీ ఎనుక మేమందరం దిగుతం."

నలభైమంది అతనివైపే చూశారు. అతను గుంతకు నాలుగడుగులు వెనక్కి జరిగాడు. ఆ రోజు ఎవరూ దిగలేదు.

సాయంత్రానికి పోలీసులొచ్చారు. దీపంతో ఫ్యాక్టరీ తగలబెట్టబోయిందని రామచంద్రయ్య ఫిర్యాదట! జమ్ములమ్మను జీపెక్కించారు.

తెల్లారి నాగర్‌కర్నూల్ వైపు నుంచి కొత్త కూలీల లారీ వచ్చింది. పాతవాళ్ళంతా గేటుకు అడ్డంగా నిలబడ్డారు. భార్గవి లారీ దగ్గరికి పోయి జరిగిందంతా చెప్పింది. లారీలోంచి రుక్కమ్మ అనే పెద్దామె తల బయటపెట్టింది.

"దీపం ఆరిందా బిడ్డా?"

"ఆరింది. నా కండ్లార సూసిన."

"దీపమారిన పాతరల మమ్ముల దింపనీకి తెచ్చిండా వీడు!"

రుక్కమ్మ కొంగు బిగించి కిందికి దిగింది. వెనకే లారీ అంతా ఖాళీ అయింది.

"మీ అమ్మను ఏ ఠాణల వెట్టిండ్రు? తొవ్వ సూపు బిడ్డా, పోదాం."