ఓడ ముక్కు ఎటువైపు

ఆదివారం పొద్దున కేకు చెయ్యందే బోదిల్‌కు తెల్లారినట్టుండదు. కొబ్బరి తురుముతో పాకం కాచి, వేడి కేకు మీద పోసి, పళ్ళేన్ని గుడ్డతో మూసి, మొగుడు స్వెన్ చేత మోయించుకుంటూ చర్చికి బయల్దేరుతుంది. ప్రార్థన అయ్యాక అందరూ తాగే కాఫీలోకి ఆ కేకు ఉండాల్సిందే. నలభై ఏళ్ళుగా ఇదే వరస. ఇప్పుడామె చర్చి సంఘానికి పెద్ద కూడాను. కొవ్వొత్తులు కొనాలన్నా, కప్పు మీద పెంకు మార్చాలన్నా ఆవిడ ఊఁ అనాలి.

మా జట్లాండ్ సీమ పడమటి తీరంలో చాలా చర్చిల్లాగే మా చర్చిలోనూ కప్పు నుంచి ఒక చెక్క ఓడ వేలాడుతుంటుంది. తుఫానులో బతికి బయటపడ్డ జాలర్లు మొక్కు చెల్లించుకున్న ఓడ అది. మామూలు రోజుల్లో దాని ముక్కు బలిపీఠం వైపుంటుంది. ఆదివారం రెండో పాట అందుకోగానే మెల్లగా తిరిగి, కూర్చున్నవాళ్ళలో ఎవరో ఒకరి వైపు ముక్కు పెట్టి ఆగుతుంది. ఎవరి వైపు ఆగితే దేవుడి చూపు వాళ్ళ మీదున్నట్టని మా ఊరి లెక్క. మేయరు పదవికి నిలబడ్డాయన ఎన్నికల ముందు ప్రతి వారం వచ్చి బెంచీ మార్చి బెంచీలో కూర్చున్నాడు. ఓడ ఆయన్ని పట్టించుకోలేదు. ఓసారి తాగుబోతు యెన్స్ వైపు తిరిగింది గానీ, ఎవరో తలుపు తీశారు, గాలికి కదిలుంటుందిలే అని అందరం సర్దుకున్నాం.

బోదిల్ వైపు నలభై ఏళ్ళలో ఒక్కసారైనా తిరగలేదు. అదైనా ఓర్చుకునేదేమో, పర్వానే రాకపోయుంటే.

పర్వానే ఇరాన్ నుంచి వచ్చిన మనిషి. రేవు దగ్గర చేపల ఫ్యాక్టరీలో పని. వచ్చిన మొదటి చలికాలంలోనే బాప్తిస్మం తీసుకుంది. ఆ మరుసటి ఆదివారం ఓడ ఆమె వైపు తిరిగింది. తర్వాతి వారమూ ఆమె వైపే. రెండేళ్ళు, అడపాదడపా తప్ప, ఆమె వైపే. పైగా ఆవిడ కుంకుమపువ్వు వేసి బిస్కట్లు చేసుకొస్తుంది. కాఫీ బల్ల మీద అవి క్షణంలో ఖాళీ. బోదిల్ కేకు మాత్రం సగం మిగిలి ఇంటికొస్తుంది.

"నిన్నగాక మొన్నొచ్చింది. దానిలో ఏం చూసిందయ్యా ఆ ఓడ?" అంది బోదిల్ ఓ ఆదివారం, మిగిలిన కేకు కోస్తూ.

"నన్నడిగితే? నేను ముప్పయ్యేళ్ళు ఓడ నడిపాను గానీ ఓడ మనసు చదవలేదు," అన్నాడు స్వెన్.

"నలభై ఏళ్ళ చాకిరీ కంటే నాలుగు బిస్కట్లు ఎక్కువైపోయాయన్నమాట."

"బిస్కట్లు బాగానే ఉంటాయే మరి."

ఆ పూట స్వెన్‌కు కేకు పెట్టలేదు.

కుళ్ళు అంటే అదీ ఇదీ కాదు. బోదిల్‌కు అన్నం సయించేది కాదు. పర్వానే నమ్మకం దొంగ నమ్మకమని ఎక్కడో ఒకచోట బయటపడకపోదని కాచుకుని కూర్చుంది. సంఘం విందులో కావాలని పంది మాంసం ఉండలు ఆమె ముందు పెట్టి చూసింది. పర్వానే రెండు తిని, బాగున్నాయమ్మా అంది. మతం మార్చుకున్నది ఇక్కడ ఉండిపోవడానికేనని ఎవరైనా అంటే చెవులు రిక్కించి వినేది. ఫ్యాక్టరీ వదిలే వేళకు చర్చి పక్క సమాధుల దగ్గర మొక్కలు సర్దే వంకతో నిలబడి, ఆ మనిషి ఎటు పోతుందో, ఎవరితో మాట్లాడుతుందో చూసేది.

అలాంటప్పుడు విదేశీయుల వ్యవహారాలు చూసే ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఈ దేశంలో ఉండనివ్వమని పర్వానే పెట్టుకున్న అర్జీ తేలే వేళయింది. ఆమె నమ్మకం నిజమైనదేనా, లేక కాగితాల కోసమా అన్నది తేల్చుకోవడానికి ఒక ఆఫీసరు ఆదివారం ప్రార్థనకొచ్చి సంఘంవాళ్ళతో మాట్లాడతాడట. అంతకుముందు వాళ్ళు పిలిచి అడిగినప్పుడు, పెంతెకొస్తు పండగ దేనికో పర్వానే సరిగా చెప్పలేకపోయింది. అర్జీ కొట్టేస్తే విమానం ఎక్కించి వెనక్కి పంపుతారు. మతం వదిలిన ఆడమనిషికి అక్కడ ఏమవుతుందో మా ఊళ్ళో ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు.

"భయమెందుకు, ఆయనే కళ్ళారా చూస్తాడుగా ఓడని," అన్నాడు పాస్టరు ఎబ్బె. ఊరంతా అదే మాట.

ఆ మాటే బోదిల్‌కు ముల్లులా దిగింది. అంటే రాజధాని నుంచి వచ్చే పెద్దమనిషి ముందు కూడా ఆ పిల్లకే పట్టాభిషేకం, తనేమో వెనక కాఫీ గిన్నెలు కడుక్కోవాలి.

శనివారం మధ్యాహ్నం బోదిల్, స్వెన్ వలల కొట్టంలోంచి నిచ్చెనా, చేపలు పట్టే, కంటికి ఆనని సన్నని దారమూ తీసుకుని చర్చికి వెళ్ళింది. తాళంచెవి ఎలాగూ ఆవిడ దగ్గరే ఉంటుంది. ఓడ ముక్కుకు దారం ముడేసి, తను కూర్చునే బెంచీ పైన గోడకున్న మేకుకు లాగి కట్టింది. ఒక్క ఆదివారమే కదా, ఒక్కసారి నాదవనీ అనుకుంది. ఆ ఆదివారం ఏ ఆదివారమో తెలియనట్టే అనుకుంది.

మర్నాడు ఆఫీసరు వచ్చాడు. కుర్రవాడు, జలుబు చేసిన మనిషి, వెనక బెంచీలో కూర్చున్నాడు. మొదటి పాట అయింది. రెండో పాట అందుకుంటూ, అంతదాకా పైకి చూడని జనం తలలెత్తారు. ఓడ ముక్కు బోదిల్ వైపే ఉంది. పాట అయిపోయింది, అయినా అక్కడే ఉంది.

ముందు గుసగుసలు లేచాయి. తర్వాత ముసలమ్మలు ఒకరొకరే వెనక్కి తిరిగి బోదిల్‌ను చూసి తలలూపారు. "ఇన్నాళ్ళకు," అంది ఒకామె కళ్ళు తుడుచుకుంటూ. బోదిల్ ఎదురుచూసిందంతా వచ్చింది. వచ్చీ రుచించలేదు. ఎందుకంటే ప్రార్థన ముగియగానే అందరికంటే ముందు పర్వానే వచ్చి ఆమె చేతులు పట్టుకుంది.

"నాకెంత సంతోషంగా ఉందో బోదిలమ్మా. మీ వైపు ఎందుకు తిరగదా అని ఎన్నిసార్లు అనుకున్నానో," అంది. పర్వానే చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. ముఖంలో మాత్రం ఎంత వెతికినా కపటం లేదు. వెతకడం బోదిల్‌కు అలవాటే.

ఆఫీసరు ముక్కు తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు. "మా ఊరి చర్చిలో ఓడ కదలదు. మీ దగ్గర ఎవరి మీద ఆగితే వాళ్ళ మాటకు విలువని విన్నాను. అయితే మిమ్మల్నే అడుగుతాను. ఈవిడ నమ్మకం నిజమైనదేనంటారా?"

బోదిల్ ఓడ వైపు చూసింది. ఏమో, ఒకరి మనసులో ఏముందో నాకేం తెలుసు అంటే చాలు. అబద్ధం కూడా కాదది. ఆ మాట బోదిల్ నాలుక చివరిదాకా వచ్చింది.

"ఆ ఓడ తిరగలేదు బాబూ. నేనే కట్టాను," అంది.

పాస్టరు ఎబ్బె చేతిలో పుస్తకం కింద పడింది.

"నిన్న దారమేసి కట్టాను, ఈ పిల్ల మీద కుళ్ళుతో. రెండేళ్ళ నుంచి కుళ్ళి చస్తున్నాను. అందుకే చెబుతున్నా విను. ఈ ఊళ్ళో దీన్ని నా అంత దగ్గరగా చూసినవాళ్ళు లేరు. ప్రేమగా చూసేవాళ్ళు సగమే చూస్తారు. నేను తప్పు పట్టుకోవాలని చూశాను. ఒక్కటి దొరికినా నీ దగ్గరికి నేనే పరిగెత్తుకొచ్చేదాన్ని. దొరకలేదు."

"కానీ పెంతెకొస్తు అంటే ఏమిటో కూడా ఆమెకు..."

"నాకూ తెలీదు. నలభై ఏళ్ళుగా ఆ పండక్కి కేకులు చేస్తున్నాను. నన్నూ పంపించెయ్."

వెనకెవరో కిసుక్కుమన్నారు. ఆఫీసరు నవ్వలేదు. "తప్పు దొరకలేదు, సరే. నమ్మకం ఉందని ఎలా చెబుతారు?"

బోదిల్ పర్వానే వైపు చూడకుండా చెప్పింది. "ఓ రోజు ఫ్యాక్టరీ నుంచి తిన్నగా ఇక్కడికొచ్చింది. ఎవరూ లేరనుకుంది. నేను ఆ తలుపు వెనకున్నాను. బలిపీఠం ముందు నిలబడి దేవుణ్ణి తిట్టింది. వాళ్ళ భాషలో, గంటసేపు, ఏడుస్తూ. భాష రాకపోతేనేం, నలభై ఏళ్ళు కాపురం చేసినదాన్ని, తిట్టు తిట్టులాగే ఉంటుంది. తిట్టి తిట్టి అలిసిపోయి, కొవ్వొత్తి వెలిగించి వెళ్ళింది. లేడనుకున్నవాడితో ఎవరైనా అంతసేపు పోట్లాడతారా బాబూ?"

ఆఫీసరు ఆ మాట నోటుపుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత పర్వానేతో రెండు మాటలు మాట్లాడి, రైలుకు వేళయిందని వెళ్ళిపోయాడు.

స్వెన్ ఇంటికెళ్ళి నిచ్చెన మోసుకొచ్చాడు. బోదిల్ ఎక్కింది, కింద స్వెన్ ఒక పక్క, పర్వానే ఒక పక్క పట్టుకున్నారు. కత్తెరతో దారం కత్తిరించింది. ఓడ ఇప్పుడు పర్వానే వైపు తిరుగుతుందని అందరూ చూస్తున్నారు. అది తిరగలేదు. బోదిల్ గుండెకెదురుగా ముక్కు పెట్టి అలాగే ఉంది.

"నన్ను కాదు, దాన్ని చూడు," అని బోదిల్ ముక్కు పట్టుకుని తోసింది. ఓడ తాపీగా మళ్ళీ ఆమె దగ్గరికే వచ్చింది. ఇంకోసారి తోసింది. మళ్ళీ వచ్చింది.

"ఎందుకే దానితో కుస్తీ," అన్నాడు స్వెన్ కింద నుంచి. "సముద్రంలో ఉన్నప్పుడు ఓడ ముక్కు ఎటు తిప్పుతాం మేము? మనిషి మునుగుతున్న వైపే కదా."

బోదిల్ చెయ్యి ఓడ మీదే ఆగిపోయింది. తలొంచి, నిచ్చెన కాలు గట్టిగా పట్టుకుని నిలబడ్డ పర్వానేను చూసింది. రెండేళ్ళుగా, ఆదివారం ఆదివారం, తను ఏం చూసి కుళ్ళుకుందో అప్పుడు తెలిసొచ్చింది. నిచ్చెన మీదే కూలబడి ఏడ్చేసింది.

చలి తగ్గకముందే పర్వానేకు ఉండిపొమ్మని అనుమతి వచ్చింది. ఆ తర్వాత ఓడ ఆమె వైపు మళ్ళీ తిరగలేదు, తిరగలేదని మా ఊళ్ళో ఎవరూ బాధపడలేదు. బోదిల్ వైపు మాత్రం అప్పుడప్పుడూ తిరుగుతుంది. తిరిగినప్పుడల్లా పర్వానే పాట మధ్యలోనే లేచొచ్చి, ఆమెను కాస్త జరగమని, పక్కన కూర్చుంటుంది.