దోమలకు చెరువు నీళ్ళు

ఊరంతా దోమల్ని చంపుతుంటే మెహజబీన్ పెంచేది. నవ్వకండి, 2009లో ఏలూరులోని ఒక కాలేజీ ల్యాబ్ వెనక గదిలో ఆమె ఉద్యోగమే అది. ఆ దోమల ఒంట్లో ఒక బాక్టీరియా కాపురముంటుంది. తల్లి దోమ గుడ్డులోంచి పిల్లలకూ వస్తుంది. అది ఉన్న దోమలో బోదకాలు పురుగు ఎదగదని తేలిందా, ఇక ఆ దోమ కుట్టినా జబ్బు అంటదు. అది తేల్చే పరీక్ష నెలాఖరున ఉంది. ఆ జాతి ఈ గదిలో పోయిందంటే ఇంకెక్కడా దొరకదు.

ఆమెకంత పట్టుదల ఎందుకో తెలియాలంటే తండ్రి అబ్దుల్ జబ్బార్ కాలు చూస్తే చాలు. ఆయన టైలరు. ఎడమకాలు వాచి రోలంతయింది. మిషన్ తొక్కలేక మోటారు పెట్టించుకున్నాడు.

చిక్కల్లా నీళ్ళతోనే వచ్చింది. కుళాయి నీళ్ళలో దోమపిల్లలు బక్కచిక్కి సగం చచ్చేవి. సంగతి విన్న జబ్బార్, "మందు కలిపిన నీళ్ళలో ఏ పిల్లలు బతుకుతాయమ్మా? ప్రాణమున్న నీళ్ళు నేను తెస్తానుండు" అని, జుమ్మా నమాజు కాగానే భీమడోలు బస్సెక్కాడు. కొల్లేటి అంచున ఆయన స్నేహితుడు కోదండరామయ్యకు చేపల చెరువుంది. అక్కణ్ణించి ఆ కాలీడ్చుకుంటూ రెండు క్యాన్లు మోసుకొచ్చాడు. ఇక చూసుకోండి, పిల్లలు నిగనిగలాడుతూ బలిశాయి! అప్పట్నుంచి ప్రతి శుక్రవారమూ అదే పని. బస్సులో ఎవరడిగినా "మా అమ్మాయి దోమలకండీ" అని మురిసిపోయేవాడు.

పరీక్ష ఇంకా రాకముందే మెహజబీన్ ఆ బలిసిన దోమల్ని తీసి చూసింది. బాక్టీరియా లేదు. ఇంకో కేజ్ చూసింది. అందులోనూ లేదు. మారింది నీళ్ళే కదా అని కోదండరామయ్యకు ఫోన్ చేసింది.

"చేపలకి కుళ్ళురోగం వచ్చిందమ్మా. ఈ సీజనంతా మేతలో టెట్రాసైక్లిన్ కలుపుతున్నాం. ఏం, దోమలక్కూడా బాగా పడిందా?" అన్నాడాయన, శుభవార్త విన్నట్టు.

బాక్టీరియాని చంపే మందు అది! మెహజబీన్‌కి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. తండ్రి మీద కోపం రాలేదు, తన మీదే వచ్చింది. ఏ నీళ్ళైనా పరీక్ష చేశాకే పోయాలని అందరికీ పాఠం చెప్పేది తనే కదా. నాన్న మోసుకొచ్చిన నీళ్ళను అనుమానించడమేమిటని ఒక్క క్యానూ చూడలేదు. చేజేతులా చేసుకుంది.

మూలన కుళాయి నీళ్ళ ట్రే ఒకటి మిగిలింది. సిగ్గుపడి ఎవరికీ చూపించనిది. అందులోంచి లేచిన గుప్పెడు బక్క దోమల్లో మాత్రం బాక్టీరియా ఉంది. అవి రక్తం తాగి గుడ్లు పెడితేనే ఆ జాతి నిలుస్తుంది.

అంతలో శుక్రవారం రానే వచ్చింది. జబ్బార్ గుమ్మంలో క్యాన్లు దించి, చెమట తుడుచుకుంటూ "మన పిల్లలు బాగున్నారామ్మా?" అన్నాడు.

దాచేద్దామనుకుంది. చేతకాలేదు. అంతా చెప్పేసింది.

ఆయన క్యాన్ల వంక చూశాడు. "అయితే ఇన్నాళ్ళూ నేను మోసింది విషమా తల్లీ?"

"మీరేం చేస్తారు నాన్నా, చూసుకోవాల్సింది నేను."

"ఆ మిగిలినవన్నా బతుకుతాయా?"

"రక్తం తాగాలి. రోజూ నా చెయ్యే పెడుతున్నా."

మోచేతి దాకా దద్దుర్లే. అవి చూసి ఆయన ప్రాణం ఉసూరుమంది. గబగబా చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "నీళ్ళ సంగతి నాకు తెలీలేదు. రక్తమంటావా, నీదీ నాదీ ఒకటేగా. నా చెయ్యి పెట్టమ్మా."

బోదకాలున్నవారి రక్తంలో ఆ పురుగు ఉండొచ్చు, ఆ కేజ్ దగ్గరికి రానివ్వకూడదు. గోడ మీద మొదటి రూలు అదే. రాసి అంటించింది తనే.

"మీది వద్దు నాన్నా" అంది, ఆయన మొహం చూడకుండా.

ఆయన ఒకసారి తన కాలు చూసుకున్నాడు. మడిచిన చొక్కా చెయ్యి మెల్లగా దించి బొత్తాం పెట్టుకున్నాడు. "సరేలేమ్మా, నేను బయట కూచుంటాను" అని క్యాన్లు ఎత్తుకుని వెళ్ళాడు.

ఆమె కేజ్‌లో చెయ్యి పెట్టింది. దోమలు వచ్చి వాలాయి. తలుపవతల కాలవలోకి నీళ్ళు పారబోస్తున్న చప్పుడు వినిపించింది. రెండు క్యాన్లూ ఖాళీ అయ్యేదాకా ఆమె ఏడుస్తూనే ఉంది, చెయ్యి మాత్రం తియ్యలేదు.