తెల్లబట్టల పార్టీ

క్రిస్మస్‌కి ముందొచ్చే ఆదివారం మైపాడు బీచ్‌లో పార్టీ అనీ, ఈసారి థీమ్ తెలుపు అనీ, ఆడా మగా అందరూ తెల్లబట్టల్లోనే రావాలనీ కెజియా ఫోన్లో మెసేజ్ పెట్టింది. ఇందిరమ్మ అది చదివింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది. తెలుపే!

కెజియా ఎవరో పరాయి పిల్ల కాదు, గోడ అవతలి ఎలిశబెతు కూతురు. కోవూరులో ఆ రెండిళ్ళ మధ్యా గోడ ఉందన్న మాటే గానీ, ఆ పిల్ల పాకిందీ నడిచిందీ ఇందిరమ్మ వరండాలోనే. కార్తీకంలో వనభోజనాలకు ఎలిశబెతు వాళ్ళూ వచ్చేవారు. దేవుడికి పెట్టింది వాళ్ళు తినరు కాబట్టి, నైవేద్యానికి ముందే వాళ్ళ వాటా తీసి పక్కన మూత పెట్టడం ఇందిరమ్మకు అలవాటైపోయింది. డిసెంబరు రాగానే వాళ్ళ క్రిస్మస్ షికారుకు ఈ మొగుడూ పెళ్ళాలు తయారు. పోయినేడు ఎరుపూ ఆకుపచ్చా అంటే, ఇందిరమ్మ ఎర్రంచు పచ్చచీర కట్టి అందరికంటే ముందు కారెక్కింది. ఫోటోలన్నీ ఎలిశబెతే తీసింది. అంత సరదాగా జరిగే షికారుకు ఇప్పుడు తెలుపట!

అదీ ఈ ఏడు. దసరాకి భర్త రంగనాయకులు గుండెకు స్టెంటు వేశారు. ఆయన లోపల ఉన్నంతసేపూ ఇందిరమ్మ మంగళసూత్రం కళ్ళకద్దుకుంటూ కూర్చుంది. పక్కన చేయి పట్టుకుని ప్రార్థన చేసింది ఎవరు? ఈ ఎలిశబెతే. మరి ఆ ఇంటినుంచే ముత్తయిదువకు తెల్లచీర కట్టుకు రమ్మని పిలుపేమిటి? తెలియక పెట్టిందా? తెలియకపోవడానికి కెజియా నిన్న పుట్టిందా? తెలిసే పెట్టిందా? ఛ, ఆ పిల్ల అలాంటిది కాదు. మరేమిటి? ఎటు తిరిగినా ఇందిరమ్మ ఆలోచన మొదటికే వచ్చేది.

ఉండబట్టలేక ఫోన్ చేసింది. "ఏమ్మా కెజియా, నీకు ఇంకే రంగూ దొరకలేదా తల్లీ?"

"తెలుపు మాకు పండగ రంగే గదా పెదమ్మా. నా పెండ్లికి కట్టుకునింది తెల్లచీరే."

"మీకు సరేనమ్మా. మరి నేను?"

అవతల కెజియా గొంతు తగ్గించింది. "నువ్వు రాకుండా మాత్రం ఉండబాక పెదమ్మా. ఇంకేం అడగబాక. అమ్మ దగ్గర ఈ మాట అసలే ఎత్తబాక."

ఇదేం చోద్యం! తల్లికి తెలియకూడనిది ఇందులో ఏముంది? తేల్చుకుందామని ఇందిరమ్మ గోడ దగ్గరికి వెళ్ళింది. ఎలిశబెతు పెరట్లో క్రిస్మస్ పిండివంటకని గులాబీపువ్వులు వేయిస్తోంది. భర్త పరంజ్యోతి పోయినప్పటినుంచీ ఆమె ఒంటిమీద తెల్లచీర తప్ప మరొకటి లేదు. అలా కట్టాలని వాళ్ళ చర్చిలో ఎవరూ అనలేదు. "రంగు మీదికి మనసు పోవటం లేదక్కా," అంటుంది అడిగితే.

"ఈ పిల్లకు తెలుపు పిచ్చి ఏం పట్టిందో నాకూ తెలవదక్కా," అంది ఎలిశబెతు, అడక్కుండానే. "మా వాళ్ళంతా పట్టుచీరలు కొని పెట్టుకునుండారు. ఇదేం పార్టీ అని దాన్ని తిట్టిపోస్తా ఉండారు."

అంటే వాళ్ళకీ ఇష్టం లేదన్నమాట. మరి ఎవరికోసం ఈ తెలుపు? ఇందిరమ్మ తల గిర్రున తిరిగింది.

రంగనాయకులుకి మాత్రం ఏ బాధా లేదు. "నా పంచె తెలుపు, చొక్కా తెలుపు, కండువా తెలుపు. పుట్టినప్పట్నుంచీ నేను థీమ్‌లోనే ఉండా."

"మీకేం, మగమహారాజులు!"

"పోనీ మానుకుందామా?"

"మానుకుంటే రేపు ఎలిశబెతు మొహం ఎట్ట చూసేది? కట్టుకుంటే మీకేమన్నా అయితే?" ఆయన నవ్వు ఆపేశాడు.

బీరువాలోంచి మీగడరంగు చీర ఒకటి తీసి భుజాన వేసుకుని అద్దంలో చూసుకుంది. గబగబా మడిచి లోపల కుక్కింది. ఆదివారం మధ్యాహ్నం, ఏమైతే అదవుతుందని కుంకుమరంగు వెంకటగిరి చీర కట్టి, రోజూ పెట్టుకునే దానికంటే పెద్ద బొట్టు పెట్టి బయల్దేరింది.

మైపాడులో సరుగుడు తోపు దాటగానే ఆమె కాళ్ళు ఆగిపోయాయి. ఇసుక మీద పిల్లా పెద్దా అంతా తెలుపే. అందరూ తననే చూస్తున్నట్టనిపించి సిగ్గుతో చచ్చిపోయింది. ఎలిశబెతు పక్కన చేరి మొహం దాచుకుందామని వెతికితే ఆ మనిషి కనబడదే! ఏ పెళ్ళిలోనైనా ఆ చివరినుంచి గుర్తుపట్టగలిగే తెల్లచీర, ఇన్ని తెల్లచీరల్లో ఏదో తెలియడం లేదు. చివరికి నవ్వు వినబడి తిరిగి చూసింది. ఫోటోకి నిలబడ్డ గుంపులో, నట్టనడుమ, ఎలిశబెతు.

"నాయన పోయినాక అమ్మ ఫోటోలో నిలబడింది ఇదే మొదలు పెదమ్మా." కెజియా ఎప్పుడొచ్చిందో పక్కనే ఉంది. "రంగుల మధ్యలో నేనెందుకే అని ఫోన్ లాక్కొని పక్కకు పోయేది. రంగు కట్టుకోమంటే కట్టుకోదు. అందుకని మమ్మల్నే మార్చినా. ఎందుకో తెలిస్తే రాదని అమ్మకు చెప్పలేదు."

ఇందిరమ్మకు పోయినేటి ఫోటోలు కళ్ళముందు మెదిలాయి. ఒక్కదాంట్లోనూ ఎలిశబెతు లేదు. గోడ పక్కనే ఉండి ఆ సంగతి తనకు తట్టనే లేదు.

"నాకన్నా చెప్పొచ్చు గదే!"

"చెప్తే నువ్వు కట్టుకునే వస్తావు. పెదనాయన ఇట్ట ఉన్నప్పుడు నీ చేత ఎట్ట కట్టించేది? ఏ రంగులోనన్నా, నువ్వొస్తే చాలనుకున్నా."

ఇంతలో ఎలిశబెతు చూడనే చూసింది. "అక్కా! రా, రా! నా పక్కన నిలబడు!"

ఎర్రచీర మీద సముద్రపు ఎండ పడి మెరుస్తోంది. "వద్దులే ఎలిశా, మీరు నిలబడండి, నేను తీస్తా," అంది ఇందిరమ్మ.

అన్నాక గానీ అది ఇన్నాళ్ళూ ఎలిశబెతు అన్న మాటేనని ఆమెకు తెలియలేదు. ఎలిశబెతు మొహంలో నవ్వు తగ్గిపోయింది. "అయితే నేనూ వస్తానుండు, ఇద్దరం తీద్దాం," అంటూ గుంపులోంచి బయటికి అడుగేసింది. కెజియా కళ్ళు మూసుకుంది.

ఇందిరమ్మ వెనక్కి తిరిగి మొగుడి భుజం మీది కండువా లాగింది.

"అది చెమట కంపు కొడతా ఉందే!"

"కొట్టనీ." కండువా విప్పి మెడ కిందినుంచి నిండుగా కప్పుకుంది. "కట్టుకున్నోడు ఎదురుగా ఉండగా, ఆయన కండువా కప్పుకుంటే ఏ దోషమూ లేదులే." ఆ మాట ఆయనతో అందో, దేవుడితో అందో, తనకే చెప్పుకుందో.

వెళ్ళి ఎలిశబెతు చేయి పట్టుకుని మళ్ళీ నడుమకు లాక్కొచ్చింది. ఎలిశబెతు ఆ కండువాను చూసింది. చుట్టూ ఉన్న తెల్లబట్టల్ని, ఒక్కొక్కరినీ, మొదటిసారి చూసినట్టు చూసింది.

"అక్కా, ఇదంతా నాకోసమా?"

"కాదులేమ్మే, ఎండగా ఉండాదని కప్పుకున్నా. కదలకుండా నిలబడు."

ఎలిశబెతు నిలబడింది.