చెరిపేసిన తొమ్మిదేళ్లు

ఏ ఆఫీసో చెప్పను. పెన్షన్ తీసుకుంటున్నవాణ్ణి, నాకెందుకొచ్చిన గొడవ? తిరువళ్లూరులో, స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, మేడ ఉన్న ఒక సర్కారు ఆఫీసు అనుకోండి, చాలు. అందులో ముప్ఫై ఒక్క ఏళ్లు రికార్డు కీపరుగా చేశాను. పేరు దేవరాజులు. రికార్డు కీపరంటే కాగితాలు దాచేవాడని లోకం అనుకుంటుంది. లోకానికేం తెలుసు! దాచడం ఎవడైనా దాస్తాడు. ఏ కాగితాన్ని ఏ రోజున తగలబెట్టాలో తెలిసినవాడే రికార్డు కీపరు.

పద్ధతి చాలా సులువు. ఫైలు ముగియగానే దాని మీద ఒక గుర్తు వేస్తారు. ఎల్.డిస్. అంటే ఏడాది ఉంచాలి. కె.డిస్. మూడేళ్లు. డి.డిస్. పదేళ్లు. ఆర్.డిస్. అంటే ఎప్పటికీ ఉంచాలి, ఆఫీసు కూలిపోయినా సరే. గడువు తీరినవాటిని ఆ నెల ఆఖరి శనివారం నాడు పెరట్లో గుంటలో వేసి నిప్పు పెట్టడమే. అదైనా ఊరికే పెట్టకూడదు. డిస్ట్రక్షన్ రిజిస్టరని ఒకటుంటుంది. పొడుగ్గా, ఎర్ర అట్టతో ఉంటుంది. ఏ తేదీన ఏ కట్టలు కాల్చామో, ఎవరు మోశారో రాసి, మోసినవాళ్ల వేలిముద్ర, నా సంతకం, ఆఫీసరు సంతకం పెట్టించాలి. తమాషా ఏమిటంటే ఆ రిజిస్టరు మాత్రం ఆర్.డిస్. కాల్చినవాటి జాబితాను కాల్చకూడదు.

మిగతా ఆఫీసుల్లో చెదలు పట్టి, ఎలుకలు పిల్లలు పెట్టి, కాగితాలు వాటంతటవే పోతాయి. మా దగ్గర అలాంటి అసహ్యం లేదు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒక్క నెల తప్పలేదు. జ్వరంతో ఉండి కూడా వచ్చి కాల్చిపోయాను. ఇందుకు నాకు ఎవరూ పతకం ఇవ్వలేదు, అది వేరే సంగతి.

కట్టలు మోసేది కుప్పమ్మ. ఊడ్చే మనిషి, రోజుకూలీ. 1977లో చేరింది. పొద్దున నేను తిరుత్తణిలో ఎక్కిన రైల్లోనే ఆమె తిరువాలంగాడులో ఎక్కేది. చదువు రాదు. నోరు మాత్రం బాగానే వచ్చు, కానీ నా దగ్గర వాడేది కాదు.

1989లో మా ఆఫీసుకి కంప్యూటరు వచ్చింది. మేడ మీద గదికి ఏ.సి. పెట్టారు. మనుషులు చెమటలు కక్కుతున్నా పెట్టని ఏ.సి. అది. చెప్పులు బయట విప్పి లోపలికి పోవాలి. దాన్ని నడపడానికి వేలాయుధం అని ఒక కుర్ర ఆపరేటరు. పని మాత్రం లేదు. వేళ్లకి అలవాటు పడుతుందని రోజుకూలీల పాత హాజరు పట్టీలు అతనికి ఇచ్చారు. 1977 నుంచి 85 దాకా తొమ్మిదేళ్లవి. ఏదో ఆడిట్ అభ్యంతరంలో చిక్కుకుని, కాల్చడానికి వీల్లేక నా గదిలో మూలుగుతున్నవి. అతను ఏడాదికొక ఫైలు చొప్పున అన్నీ కొట్టి పెట్టాడు.

ఆగస్టులో ఆ అభ్యంతరం తీరింది. కె.డిస్.! ఎప్పుడో పోవలసినవి! నాకు చేతులు దురద పెట్టాయి. ఆ నెల ఆఖరి శనివారమే కూలి వోచర్లతో సహా అన్నీ గుంటలో వేయించాను. కుప్పమ్మ తన తొమ్మిదేళ్ల హాజరును తానే మోసుకొచ్చింది, బూడిద తానే ఊడ్చింది. ఆమెకు చదవడం రాదు. నాకు వచ్చు. అయినా నా బుర్రకు తట్టలేదు.

అంతటితో ఊరుకున్నానా? మేడ ఎక్కాను.

"ఏమయ్యా వేలాయుధం, కాయితం పోయినాక నీ మిషన్లో ఎట్ల ఉంటుంది? చెరిపేయ్."

"ఉండనీ సార్. అదేమన్నా మనల్ని తిండి అడగతా ఉందా?"

"తిండి మాట గాదుప్పా. మూడేండ్లంటే మూడేండ్లే. రూలు దానికీ ఒకటే, నాకూ ఒకటే."

అతను ఏవో నాలుగు మీటలు నొక్కాడు. తెర మీద తొమ్మిది ఫైళ్ల పేర్లు మాయమయ్యాయి. 'కంప్యూటరులో ఉన్నవి కూడా చెరిపివేయడమైనది' అని రిజిస్టరులో రాసి అతని చేత సంతకం పెట్టించాను. కంప్యూటరు ఫైలును డిస్ట్రక్షన్ రిజిస్టరుకి ఎక్కించిన మొదటి రికార్డు కీపర్ని నేనేనని రైల్లో నలుగురికీ చెప్పుకున్నాను కూడా.

సెప్టెంబరు నెలాఖరున జి.ఓ. వచ్చింది. 1988 ఆఖరుకు పదేళ్లు ఎడతెగకుండా పనిచేసిన రోజుకూలీలను పర్మనెంట్ చేయాలి. రుజువు జతపరచాలి. రుజువు లేనివాళ్లను జనవరి నుంచి పనిలో పెట్టుకోరాదు.

కుప్పమ్మ చీపురు గోడకు ఆనించి నా గదిలోకి వచ్చింది. "అయ్యా, నాకు పన్నెండేండ్లయింది గదా. కాయితం నువ్వే ఎత్తియ్యాలంట. ఆఫీసరయ్య చెప్పినాడు."

86, 87, 88 అల్మరాలో ఉన్నాయి. గడువు తీరలేదు కాబట్టి బతికిపోయాయి. తక్కినవి గుంటలో ఉన్నాయి. "చూస్తాలే, పో" అన్నాను. ఏం చూస్తాను, నా మొహం!

ఆఫీసరు నటరాజుగారి దగ్గరికి వెళ్లాను. దైవభక్తి, ఆడిట్ భయం సమానంగా ఉన్న మనిషి. "నేను వచ్చి ఏడాదిన్నరే గదా దేవరాజులూ. నేను చూడంది నేనెట్ల రాసిస్తాను?" అన్నాడు. నేను చూశాను సార్, నేను రాసిస్తానన్నాను. "నీ మాట రుజువు గాదు. కాయితం రుజువు" అన్నాడు. ముప్ఫై ఏళ్లుగా నేను అందరికీ చెబుతూ వచ్చిన మాటే అది. నాకే తిరిగి తగిలింది.

అప్పుడు వేలాయుధం, కంప్యూటరు బిగించిపోయిన ఇంజనీరు రాజమాణిక్యానికి మద్రాసుకు ఫోన్ చేశాడు. పరిగెత్తుకుంటూ నా గదికి వచ్చాడు.

"సార్, చెరిపితే పోదంట!"

"పోదా? నా ముందరే చెరిపినావు గదయ్యా, సంతకం గూడా చేసినావు!"

"ఫైలు పేరులో మొదటి అక్షరం కొట్టేసి, ఈ చోటు ఖాళీ అని రాసుకుంటుందంట, అంతే. లోపల సరుకు అట్లనే ఉంటుందంట. దాని మీద ఇంకోటి రాసేదాకా."

సంతోషించవలసిన మాట. నిజం చెబుతున్నాను, నాకు ముందు వచ్చింది కోపమే. ఎండలో, పొగలో కళ్లు మండించుకుంటూ ముప్ఫై ఒక్క ఏళ్లు బూడిద చేశాను నేను. ఈ మిషను మహారాజు ఏ.సి. గదిలో కూర్చుని, చేయని పనిని చేశానని చెబుతాడా! ఇంకెవరైనా అయితే మెమో ఇప్పించేవాణ్ణి. ఆ తర్వాతే కుప్పమ్మ గుర్తొచ్చి గుండె కుదుటపడింది.

"ఎన్ని దినాలు ఉంటుంది?" అన్నాను.

"గడువు లేదంట సార్. రేపే పోవచ్చు, పదేండ్లు ఉన్నా ఉండొచ్చు. ఆయన వచ్చేదాకా దాంట్లో ఒక్క అక్షరం కొట్టగూడదు అంటాడు. కోయంబత్తూరులో పని ఉందంట. రెండు వారాలు పడుతుందంట."

ఎల్. కాదు, కె. కాదు, డి. కాదు. ఇదేం రికార్డు?

ఒక్క అక్షరం కొట్టకుండా ఉంచడం ఎలా? ఆఫీసరుకు ఒంటివేలితో టైపు కొట్టడం కొత్తగా అబ్బింది. సెప్టెంబరు నడుమ పెద్ద అధికారి వస్తే స్వాగత పత్రం స్వయంగా కొట్టి, పదహారు సార్లు దిద్దాడు. ఇప్పుడు బావమరిది గృహప్రవేశం పత్రిక మీద పడ్డాడు. రిజిస్టరులో సంతకం పెట్టాడే గానీ, కంప్యూటరు గురించి నేను రాసింది ఆయన చదవలేదు. ముట్టుకోవద్దని చెబుదామంటే, చెరిపించింది ఎవరని అడుగుతాడు. నాకు రిటైర్మెంటు నాలుగు నెలల్లో ఉంది. చెప్పే ధైర్యం లేకపోయింది.

సరిగ్గా అప్పుడే ఆయుధ పూజ వచ్చింది. ఏ ఏడూ మరమరాల పొట్లం తీసుకుని ఇంటికి పోవడమే తప్ప చేయి కలపని నేను, ఆ ఏడు అన్నీ నా నెత్తిన వేసుకున్నాను. కంప్యూటరుకు గంధం, కుంకుమ, మూర చామంతి మాల. బల్లకు రెండు వైపులా అరటి పిలకలు. వాకిట్లో బూడిద గుమ్మడికాయ. మామూలుగా అయితే మర్నాడు ఆయుధాన్ని కదిపి పని మొదలుపెట్టాలి.

"కుదరదు సార్," అన్నాను ఆఫీసరుతో. "కొత్త మిషను, మొదటి పూజ. తొమ్మిది దినాలు కదిలించగూడదని తిరుత్తణి కొండ మీద అయ్యవారు చెప్పినాడు."

ఏ అయ్యవారూ చెప్పలేదు. ఆ రోజు రైలు దిగగానే కొండవైపు తిరిగి సుబ్రహ్మణ్యస్వామికి క్షమాపణ చెప్పుకున్నాను. నటరాజుగారు మాత్రం "అట్లనా! సరి సరి" అని లెంపలేసుకున్నాడు. మూడోనాటికే ఆయన వేలు ఊరుకోలేదు. "ఒక్క పత్రికే గదా దేవరాజులూ, రెండు నిమిషాలు" అంటూ వచ్చాడు.

"కొట్టండి సార్, నాదేముంది. గృహప్రవేశం మీ బామ్మర్దిది. దోషం యాడికి పోతుందో మీకు తెలీదా?"

చేయి వెనక్కి తీసుకున్నాడు.

తొమ్మిది రోజులు ఆ గది గుమ్మంలో కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను. కాల్చడమే తప్ప కాపాడటం ఎరగనివాణ్ణి, ఉందో లేదో కంటికి కనపడని కాగితానికి కాపలా! పనిలేక కూర్చున్నాడంటారని ఎర్ర అట్ట రిజిస్టరు ఒళ్లో పెట్టుకునేవాణ్ణి. మధ్యాహ్నం క్యారియరు దాని మీదే పెట్టుకుని తినేవాణ్ణి. ఒకరోజు కుప్పమ్మ ఊడుస్తూ వచ్చి, "పువ్వులు ఎండిపోయినాయి గదయ్యా, తీసేద్దునా?" అని చేయి చాచింది. "ముట్టుకోవద్దు!" అని అరిచాను. బిత్తరపోయి చూసి, చీపురు ఎత్తుకుని వెళ్లిపోయింది. మర్నాడు రైల్లో మాత్రం ఎప్పట్లాగే అడిగింది, కాయితం దొరికిందా అయ్యా అని. ఎతకతా ఉండానని చెప్పి కిటికీలోంచి బయటికి చూశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

పదో రోజు రాజమాణిక్యం వచ్చాడు. చొక్కా జేబులోంచి ఒక ఫ్లాపీ తీసి దూర్చాడు. మొదటి అక్షరం ఏమిటని వేలాయుధాన్ని అడుగుతూ ఒక్కొక్క పేరు లాగాడు. 77 వచ్చింది. కుప్పమ్మ పేరు, దాని ఎదుట రోజుకొక గుర్తు. నేను కాల్చింది, నా కళ్ల ముందు బూడిదైంది, పచ్చటి అక్షరాల్లో లేచి నిలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. 78, 79, 80, 81 వచ్చాయి. 82 సగం వచ్చింది. మే నెల నడుమ దాకా హాజరు. ఆ పైన, తమరి పాదధూళితో మా ఆఫీసు పునీతమైన ఈ శుభదినాన అని ఇంగ్లీషులో స్వాగత పత్రం. చివరిదాకా అదే.

నటరాజుగారు వంగి చదివి, "ఇది నా స్పీచే గదా!" అని మురిసిపోయాడు. తక్కిన మూడూ కూడా వచ్చాయి. ఆయన వేళ్ల మీద లెక్కపెట్టి, కళ్లజోడు తీశాడు. "ఎడతెగకుండా అని ఉందే జి.ఓ.లో. ఎనభై రెండు తెగిపోయిందే. పైవాళ్లు ఒప్పరు."

ఇంజనీరు పెదవి విరిచాడు. మీద రాసేసినాక అది ఇక రాదన్నాడు. కుప్పమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఇంక దాచి ప్రయోజనం లేదు.

"కుప్పమ్మా, నీ హాజరు కాల్చింది నేనే. మిషన్లోది చెరిపించింది గూడా నేనే" అన్నాను, అందరూ వినేట్టు.

"తెలుసు గదయ్యా, మోసింది నేనే గదా," అంది. ఒక అడుగు లోపలికి వేసి, "ఎనభై రెండులో గూడా మోసినా. నెలనెలా మోసినా. మోసినప్పుడంతా నా ఏలు పట్టుకుని ఒత్తించుకున్నావే, ఆ ఎర్ర పుస్తకంలో. అందులో లేనా నేను?" అంది.

నా చేయి దాని మీదే ఉంది.

తెరిచాను. 1982. జనవరి నుంచి డిసెంబరు దాకా పన్నెండు శనివారాలు, పన్నెండు వేలిముద్రలు. పక్కనే నా దస్తూరీలో 'మోసినది: కుప్పమ్మ, ఊడ్చే మనిషి'. కింద అప్పటి ఆఫీసరు సంతకం, ఆఫీసు ముద్ర. వెనక్కి తిప్పితే 81, 80, 79, అలా 77 దాకా. ఒక్క నెల తప్పలేదు. ఆర్.డిస్. తొమ్మిది రోజులు దాని మీద పెరుగన్నం తిన్నాను.

"అప్పో నా ఎదుక్కు సార్ వందేన్?" అన్నాడు రాజమాణిక్యం తమిళంలో. తానెందుకు వచ్చినట్టని ఆయన బాధ.

నటరాజుగారు పేజీలన్నీ తిప్పి చూసి, ఇంతకన్నా గట్టి రుజువు ఆడిట్‌వాళ్ల తాత కూడా అడగడన్నాడు. అక్కడికక్కడే దరఖాస్తు టైపు చేయించాడు. నేను స్టాంపు ప్యాడు మూత తీసి, అలవాటు చొప్పున కుప్పమ్మ బొటనవేలు పట్టుకున్నాను.

ఆమె వేలు వెనక్కి తీసుకుంది.

"ఉండయ్యా. ఇన్నేండ్లు ఏలు పట్టుకుని ఒత్తించుకున్నావు, ఒక్కసారన్నా ఇది దేనికని చెప్పినావా? ముందు ఇది చదివి చెప్పు. మళ్ల పెడతా."

నేను కళ్లజోడు పెట్టుకుని, ఆ ఇంగ్లీషు కాగితాన్ని మొదటి వాక్యం నుంచి తెలుగులో చదివి చెప్పడం మొదలుపెట్టాను.