యతిరాజులు బ్రౌన్ ఇంకు

పుష్పవల్లికి ప్రాణం విసిగిపోయింది. వాషర్‌మెన్‌పేట్‌లోని ఆ ఇంట్లో భోజనాల బల్ల మీద కంచం పెట్టుకోవడానికి చోటు లేదు, అంతా ఇంకు సీసాలే. భర్త యతిరాజులు ఏడాదిగా అచ్చమైన బ్రౌన్ రాబట్టాలని రెండు కంపెనీల బ్రౌన్ పిగ్మెంట్ ఇంకులు ముందేసుకుని కాగితం మీద గీతలు గీస్తున్నాడు. నీళ్ళు పడ్డా చెదరని ఇంకులవి. ఒక కంపెనీది ఇంకో కంపెనీదానితో కలిపితే ముద్దకట్టి పాళీలో అడ్డం పడుతుందట. అందుకని ఏ కంపెనీ బ్రౌన్‌లో ఆ కంపెనీ నీలమే చుక్క చుక్కగా కలిపేవాడు. ఎంత కలిపినా ఆయన కంటికి పసుపే.

"ఎంత పచ్చగా ఉండాదో చూడే! ఇంకో చుక్క పడాల."

"ఆడ బ్రౌనెక్కడుండాది? ఎప్పుడో ఊదా అయిపోయింది. కుడి కంట్లో శుక్లం ముదిరి అంతా పచ్చగా కనబడతాదని డాక్టరు చెప్పె గదా, ఆపరేషన్ చేయించుకోండి."

"రెండు బ్రౌన్లకు తేడా పట్టే కంటికి ఆపరేషనా? పోవే!"

తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఎడమ కంటికి చిన్నప్పటి నుంచి అక్షరాలు ఆనవు గనక దాన్ని ఆయన లెక్కలోకే తీసుకోడు. అది మూసి, కుడి కంటికి భూతద్దం ఆనించుకుని రంగు తేలుస్తాడు. ఆ కన్ను కూడా పోతే ఈ మనిషికి ఇంకేం మిగులుతుందని ఆమె దిగులు. ఆ దిగులంతా కోపంగానే బయటికొచ్చేది.

చివరికి రంగు కుదిరిందని ఒక సీసా మైలాపూరులో ఉండే పెన్నుల స్నేహితుడు ఆదికేశవులుకు పంపాడు. ఆయన ఫోన్ చేశాడు.

"ఊదా చాలా బాగుండాదప్పా! బ్రౌన్ ఎప్పుడు పంపిస్తావు?"

యతిరాజులు ఫోన్ పెట్టేసి జాలిగా తల ఊపాడు. "పాపం, ఆదికేశవులుకు చూపు పోయింది."

పుష్పవల్లికి ఒళ్ళు మండిపోయింది. వెనక నుంచి వచ్చి ఆయన కుడి కన్ను అరచేత్తో మూసేసింది. "ఇప్పుడు చూడండి!"

ఎడమ కంటికి సీసా మీది అక్షరాలు ఆనలేదు. రంగు ఆనింది. కాగితం నిండా వంకాయ రంగు గీతలు.

ఆయన ఆమె చెయ్యి తీశాడు. మళ్ళీ తనే తెచ్చి కంటి మీద పెట్టుకున్నాడు.

"నాకు భయమే, పుష్పా. కోస్తే ఉండే చూపు కూడా పోతుందేమోనని. ఇన్నాళ్ళూ నువ్వు నిజమే చెప్తా ఉండావు."

ఈ మాట కోసమే ఆమె ఏడాదిపాటు గొంతు చించుకుంది. తీరా విన్నాక సంతోషం కలగలేదు. అరచేతి కింద తడి తగిలింది.

"సరి సరి, ఏడవబాకండి. లేచి చొక్కా వేసుకోండి, డాక్టరు వెళ్ళిపోకముందే పోదాం," అని కసిరింది గానీ, చెయ్యి మాత్రం తియ్యలేదు.